ఒకే కణం సంతానం

ఏ ఊళ్లోనైనా చిన్న ల్యాబులో బ్లడ్ గ్రూప్ ఎలా చూస్తారో చాలామందికి తెలుసు. గాజు పలక మీద మూడు చోట్ల నెత్తురు బొట్టు పెట్టి, ఒకదానికి నీలం చుక్క, ఇంకోదానికి పసుపు చుక్క, మూడోదానికి రంగులేని చుక్క కలుపుతారు. పుల్లతో కలియబెట్టాక, మొదటి రెండింటిలో నీలం దగ్గర మాత్రమే నెత్తురు ముద్దలు కడితే ‘ఎ’, పసుపు దగ్గర మాత్రమే కడితే ‘బి’. రెండు నిమిషాల పని. ఆ రంగు చుక్కల్లో పనిచేసేవి మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే ఒకే కణం సంతానం తయారుచేసే ఒకే రకం యాంటీబాడీలు. వాటిని తయారుచేసే కణాల వంశం వెతుక్కుంటూ పోతే, ఎలుకలకు వచ్చిన ఒక క్యాన్సర్ దగ్గర తేలుతాం.

మన ఒంట్లో యాంటీబాడీలను ఎక్కువగా తయారుచేసేవి ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలు. ఒక్కో కణం చేసేది ఒక్క రకమే. అలాంటివి లెక్కలేనన్ని ఉండబట్టి రక్తంలో అన్ని రకాలూ కనిపిస్తాయి. వాటిలో ఒక్కటి అదుపు తప్పి తన సంతానాన్నే పెంచుకుంటూ పోతే, నానా జాతుల చెట్లున్న తోటను సర్కారు తుమ్మ ఆక్రమించినట్టు, రక్తం నిండా ఒకే యాంటీబాడీ చేరుతుంది. ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలో రక్తంలోని ప్రోటీన్లను కరెంటుతో విడదీస్తారు. ఆరోగ్యవంతుల గ్రాఫులో చివరన వెడల్పాటి దిబ్బలాంటిది ఉంటుంది. ఇలా ఒకే యాంటీబాడీ పెరిగినవాళ్లకు అక్కడ సన్నని మొన నిటారుగా లేస్తుంది. రిపోర్టులో ‘ఎం బ్యాండ్’ అని రాసేది దాన్నే. ఈ వ్యాధి ముదిరిన రూపం మల్టిపుల్ మైలోమా.

దీని ఆనవాలు మొదట దొరికింది మూత్రంలో. 1845లో లండన్‌లో ఒక కిరాణా వ్యాపారి ఎముకల నొప్పులతో మంచం పట్టాడు. ఆయన మూత్రం వింతగా ప్రవర్తించింది. వేడిచేస్తే తెల్లగా గడ్డకట్టేది, మరిగిస్తే కరిగిపోయేది, చల్లారితే మళ్లీ గడ్డకట్టేది. అంతుపట్టక వైద్యులు దాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే డాక్టరుకు పంపారు. రోగి 1846 జనవరి 1న చనిపోయాడు. శవపరీక్షలో పక్కటెముకలు కత్తితో తేలిగ్గా తెగేంత మెత్తబడి ఉన్నాయి. ఆ పదార్థం యాంటీబాడీలోని ఒక ముక్క, అంటే లైట్ చైన్, అని 1962లో గాని తేలలేదు. మూత్రంలో ప్రోటీన్ చూడటానికి ఇప్పుడు వాడే స్ట్రిప్ ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పసిగడుతుంది. అందుకే బెన్స్ జోన్స్ ప్రోటీన్ దాని కళ్లుగప్పి పోతుంది.

చావు తెచ్చే ఈ మైలోమా కణానికి ఒక గుణం ఉంది. గాజు పాత్రలో పోషకాలిచ్చి పెంచితే చావకుండా పెరుగుతూనే ఉంటుంది. మామూలు యాంటీబాడీ కణాలు అలా కాదు, కొద్ది రోజులకే చస్తాయి. 1975లో కేంబ్రిడ్జిలో సీజర్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ ఈ రెండింటినీ ఒకటి చేశారు. ఎలుకకు గొర్రె ఎర్రకణాలు ఎక్కించి, దాని ప్లీహంలో తయారైన యాంటీబాడీ కణాలను మైలోమా కణాలతో కలిపేశారు. కావలసిన యాంటీబాడీని చావు లేకుండా తయారుచేసే కణం పుట్టింది. ఆ మైలోమా మూలం అమెరికాలో మైకేల్ పాటర్ ఎలుకల పొట్టలోకి మినరల్ ఆయిల్ ఎక్కించి పుట్టించిన క్యాన్సర్. ఇంతటి ఆవిష్కరణకు మిల్‌స్టీన్, కోలర్ పేటెంట్ తీసుకోలేదు. 1984లో నోబెల్ మాత్రం వచ్చింది.

ఇలాంటి మోనోక్లోనల్ యాంటీబాడీతో మొదటి మందు మూత్రపిండ మార్పిడి కోసం 1986లో అమెరికాలో వచ్చింది. అది పూర్తిగా ఎలుక ప్రోటీన్ కావడంతో రోగి ఒళ్లు దాని మీదే తిరగబడేది. ఆ తర్వాతి మందుల్లో ఎలుక భాగం తగ్గిస్తూ వచ్చారు. లింఫోమాకు రిటుక్సిమాబ్ 1997లో, రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ 1998లో అలా వచ్చినవే. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్‌కు సాటి మందును ‘రెడిటక్స్’ పేరుతో తెచ్చింది. ఇంట్లో గర్భం చూసుకునే కిట్టులో గీత తేల్చేవీ ఈ యాంటీబాడీలే.

చివరికి మైలోమాకూ ఇదే మందైంది. 2015లో అమెరికాలో అనుమతి పొందిన డారటుముమాబ్, మైలోమా కణం మీదుండే సీడీ38 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. చిక్కేమిటంటే ఎర్రకణాల మీద కూడా అది కొద్దిగా ఉంటుంది. బ్లడ్ గ్రూప్ మారదు గానీ, దాత రక్తం సరిపడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్‌లో మందు ఆ కణాలకు అతుక్కుని, ఏ రక్తమూ సరిపడనట్టు కనిపిస్తుంది. మందు ఆపిన కొన్ని నెలల దాకా ఇదే తంతు. పైగా మందు కూడా ఒకే రకం యాంటీబాడీ కదా, ఎలక్ట్రోఫోరెసిస్‌లో తనదీ ఓ చిన్న మొన లేపి జబ్బు మిగిలే ఉందేమోనన్న భ్రమ కలిగిస్తుంది. ఈ మందు వాడేవాళ్లు రక్తం ఎక్కించుకోవలసి వస్తే బ్లడ్ బ్యాంకుకు ముందే చెప్పాలి.

ఎం బ్యాండ్ ఉన్న ప్రతివాళ్లకూ క్యాన్సర్ ఉన్నట్టు కాదు. రిపోర్టు చేతికి రాగానే ఫోనులో వెతికి బెంబేలెత్తేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మూలుగలో ప్లాస్మా కణాలు పది శాతం లోపు, ఆ బ్యాండ్‌లోని ఎం ప్రోటీన్ డెసిలీటరుకు 3 గ్రాముల లోపు ఉండి, ఏ అవయవమూ దెబ్బతినకపోతే దాన్ని ‘ఎంగస్’ అంటారు. మేయో క్లినిక్ డాక్టరు రాబర్ట్ కైల్ 1978లో పెట్టిన పేరు అది. అమెరికాలో ఒక కౌంటీ ప్రజలను పరీక్షిస్తే యాభై దాటినవాళ్లలో నూటికి ముగ్గురికి ఇది కనిపించింది. ఏడాదికి నూటికి ఒకరికే ముదురుతుంది. సాధారణంగా మందు అక్కర్లేదు గానీ, డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష మానకూడదు. కొందరిలో మాత్రం ఇంతకుముందు చెప్పిన లైట్ చైన్లు గుండెలో, మూత్రపిండాల్లో పేరుకుపోయి అమిలాయిడోసిస్ తెచ్చిపెడతాయి.

మన దగ్గర పెద్దవాళ్లకు నడుంనొప్పి వస్తే ముందు చేతికొచ్చేది నొప్పి మాత్ర. చాలామందికి అది వయసుతో వచ్చే అరుగుదలే. కానీ నొప్పి వారాల తరబడి తగ్గకుండా, హిమోగ్లోబిన్ పడిపోతూ, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతూ ఉంటే మైలోమా ఏమోనని అనుమానించాలి. మైలోమా ఎముకలను తొలిచేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ స్థితిలో వేసుకునే కొన్ని రకాల నొప్పి మాత్రలు మూత్రపిండాలను ఇంకా పాడుచేస్తాయి. అలాంటప్పుడు మాత్రలు మార్చుకుంటూ కూర్చోకుండా, ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చైన్ పరీక్షలు అవసరమేమో డాక్టరుగారిని అడగండి.