టైరు "నాన్నా, పులి!" అని అరిస్తే…

సంక్రాంతికి ఇంకా రెండు రోజులుంది. తెల్లవారలేదు. హైదరాబాదుకు తూర్పున, విజయవాడ రోడ్డు మీద ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్‌లో చలి వణికిస్తోంది. ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెంటీగ్రేడు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల వైపు నుంచి పండక్కి ఊళ్ళకు పోయే కార్లు అప్పుడే బారులు తీరుతున్నాయి.

ఈ ఊళ్ళో ఒక ఇంటి ముందు, రాత్రంతా ఆరుబయట నిలిచిన స్పోర్ట్స్ కారు ఒకటి ఉందనుకోండి. యజమాని ఇంజను నడిపించాడు. వెంటనే డాష్‌బోర్డు మీద పసుపుపచ్చని చిన్న దీపం వెలిగింది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, దాని మధ్య ఆశ్చర్యార్థకం. "టైర్లలో గాలి తక్కువగా ఉంది, జాగ్రత్త!" అని దాని అర్థం.

ఆయన కంగారుగా పక్కనే ఉన్న పంక్చర్ షాపుకు వెళ్ళాడు. షాపులోని మనిషి నాలుగు టైర్ల మీదా సబ్బునీళ్ళు పోసి చూశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు.

"మొల లేదు, పంక్చర్ లేదు సార్. నాలుగింట్లో ఒక్కతీరుగనే తగ్గింది. చలికి గిట్లనే అయితది" అన్నాడు.

"అయితే ఇది ఉత్తుత్తి దీపమే!" అనుకొని, గాలి కూడా కొట్టించకుండా యజమాని బయలుదేరాడు. చౌటుప్పల్ చేరేసరికి దీపం దానంతటదే ఆరిపోయింది. ఇకమీదట ఆ దీపాన్ని నమ్మకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు.

"నాన్నా, పులి!" కథ మీకందరికీ తెలుసు. రెండుసార్లు ఉత్తుత్తిగా అరిచిన పిల్లవాడు, నిజంగా పులి వచ్చిన నాడు అరిస్తే ఎవరూ రాలేదు. మరి ఈ దీపం కూడా ఆ పిల్లవాడి వంటిదేనా? అది నిజంగా అబద్ధం ఆడిందా? తేల్చుకోవాలంటే ముందు టైరు లోపలికి తొంగి చూడాలి.

టైరులో ఏం జరుగుతోంది?

టైరులోని గాలి కోటానుకోట్ల అణువుల గుంపు. అవి ఒక్క క్షణం కూడా ఊరుకోవు. అన్ని దిక్కులకూ పరుగెత్తుతూ టైరు లోపలి గోడలను ఢీకొంటూ ఉంటాయి. ఈ ఢీల మొత్తమే పీడనం. గాలి వేడెక్కితే అణువుల వేగం పెరుగుతుంది, ఢీలు గట్టిగానూ తరచుగానూ తగులుతాయి. అంటే పీడనం పెరుగుతుంది. చల్లబడితే తగ్గుతుంది. టైరులో నుంచి ఒక్క అణువు కూడా బయటికి పోనక్కరలేదు!

ఈ సంగతిని సుమారు 1700 ప్రాంతంలోనే ఫ్రాన్సు దేశపు గియోమ్ అమాంటన్స్ గమనించాడు. చిన్నతనంలోనే వినికిడి శక్తి కోల్పోయిన ఈయన, మూసిన పాత్రలోని గాలి వేడికి ఎలా మారుతుందో పరీక్షించి చూశాడు. ఆ తరువాత నూరేళ్ళకు గేలుసాక్ వాయువుల మీద మరింత నిశితమైన ప్రయోగాలు చేశాడు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న నియమం ఇదే: ఘనపరిమాణం మారనప్పుడు వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. పరమ ఉష్ణోగ్రత అంటే సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది. దాన్ని కెల్విన్లలో చెబుతారు.

లెక్క వేసి చూద్దాం

పెట్రోలు బంకులో "ముప్పైమూడు కొట్టు" అంటారు చూడండి. అంటే చదరపు అంగుళానికి 33 పౌండ్లు. కాని ఇక్కడ ఒక కిటుకు ఉంది. బంకులోని మీటరు బయటి గాలి కంటే లోపలి గాలి ఎంత ఎక్కువ ఒత్తుతోందో మాత్రమే చూపిస్తుంది. బయటి వాతావరణ పీడనాన్ని కూడా కలిపితేనే అసలు పీడనం వస్తుంది. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 14.7 పౌండ్లు. హైదరాబాదు ప్రాంతం అర కిలోమీటరు ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ సుమారు 13.8 పౌండ్లే.

మన కారు యజమాని రెండు నెలల క్రితం చాలా దూరం కారు నడిపి, టైర్లు కాలుతుండగా వచ్చి, గాలి కొట్టించాడనుకుందాం. అప్పుడు టైరులోని గాలి 57 డిగ్రీల వేడిలో ఉంది. మీటరు 33 చూపించింది. అసలు పీడనం 33 + 13.8 = 46.8 పౌండ్లు. పరమ ఉష్ణోగ్రత 57 + 273 = 330.

పండుగకు రెండు రోజుల ముందు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 12 డిగ్రీలు, అంటే 285 కెల్విన్లు. అప్పుడు అసలు పీడనం:

46.8 × 285 ÷ 330 = 40.4

ఇందులో నుంచి 13.8 తీసివేస్తే మీటరు చూపించేది 26.6 మాత్రమే. చూశారా! పంక్చర్ లేకుండానే ఆరు పౌండ్లకు పైగా తగ్గిపోయింది. పైగా ఎంత మంచి టైరైనా రబ్బరు గుండా నెలకు సుమారు ఒక పౌండు గాలి మెల్లగా జారిపోతూనే ఉంటుంది. రెండు నెలలకు రెండు పౌండ్లు. మిగిలింది 24.6.

ఇప్పుడు దీపం సంగతి. అమెరికాలో 2000లో వచ్చిన చట్టాన్ని అనుసరించి చేసిన నిబంధన ప్రకారం, ఉండవలసిన పీడనంలో 25 శాతం తగ్గేసరికి దీపం వెలిగి తీరాలి. 33లో 25 శాతం తగ్గితే 24.75. మన టైరులో ఉన్నది 24.6. అందుకే దీపం వెలిగింది!

మరి చౌటుప్పల్‌లో ఎందుకు ఆరిపోయింది? చక్రాలు తిరిగి టైర్లు వేడెక్కాయి. లోపలి గాలి 45 డిగ్రీలకు చేరిందనుకుంటే మీటరు 29 చూపిస్తుంది. లెక్క మీరే వేసి చూసుకోండి. దీపం ఆరింది గాని టైరులోకి కొత్తగా గాలి ఏమీ చేరలేదు. లోపం అలాగే ఉంది, వేడి దాన్ని కప్పిపెట్టిందంతే.

కనుక దీపం అబద్ధమాడలేదు. రెండు నెలల క్రితం వేడి టైరుకు కొట్టించిన "33" మాత్రమే అబద్ధం!

చల్లని టైరే ప్రమాణం

అందుకే కారు తయారు చేసినవారు చెప్పే అంకె ఎప్పుడూ చల్లని టైరుకే. చల్లని టైరు అంటే మంచులో పెట్టినది కాదు. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడిచి ఉండకూడదు. ఆ అంకె సాధారణంగా డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న చీటీ మీద ఉంటుంది. టైరు మీద అచ్చొత్తి ఉండే అంకె వేరు. అది ఆ టైరుకు గరిష్ఠ పరిమితి. దానిదాకా నింపమని కాదు.

"నైట్రోజన్ పట్టిస్తే ఈ బాధ లేదు" అని కొందరు చెబుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కదా! వేడికి పెరగడంలో, చలికి తగ్గడంలో నైట్రోజన్‌కూ గాలికీ తేడా లేదు. రెండూ ఒకే నియమానికి లొంగుతాయి. నైట్రోజన్‌లో నీటి ఆవిరి ఉండకపోవడం వల్ల కొంత మేలు ఉన్నమాట నిజం. అంతమాత్రాన అబ్దుల్లాపూర్‌మెట్ చలి దాన్ని వదిలిపెట్టదు.

దీపానికి ఎలా తెలుస్తుంది?

ఇందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది సూటి పద్ధతి. ప్రతి చక్రంలోనూ, గాలి కొట్టే వాల్వుకు లోపలి వైపున, ఒక చిన్న యంత్రం ఉంటుంది. అందులోని పలుచని సిలికాన్ పొర గాలి ఒత్తిడికి వంగుతుంది. ఆ వంపును బట్టి విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ వార్తను రేడియో తరంగాల ద్వారా కారుకు పంపుతుంది. చక్రం లోపల ఉన్న చిన్న రేడియో స్టేషను అన్నమాట!

రెండవది చాటు పద్ధతి. ఇందులో పీడనాన్ని కొలవనే కొలవరు. బ్రేకుల కోసం ప్రతి చక్రం వేగాన్నీ లెక్కపెట్టే సాధనాలు కారులో ఎలాగూ ఉంటాయి. టైరు చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే కిలోమీటరుకు 500 చుట్లు తిరుగుతుంది. గాలి తగ్గి టైరు కొంచెం కుంగి, చుట్టుకొలత అరశాతం తగ్గితే అదే దూరానికి రెండున్నర చుట్లు ఎక్కువ తిరగాలి. ఆ చిన్న తేడానే కారు పసిగడుతుంది. అయితే కేవలం చక్రాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే కారులో నాలుగూ సమానంగా తగ్గితే పట్టుబడదు. గాలి సరిచేసిన ప్రతిసారీ "ఇదే సరైన స్థితి" అని కారుకు నేర్పాలి కూడా. తక్కువ గాలితో ఉన్నప్పుడు నేర్పితే తప్పునే ఒప్పుగా నేర్చుకుంటుంది.

స్పోర్ట్స్ కారుకు ఈ గొడవ ఎందుకు ఎక్కువ?

మామూలు కార్లలో మొట్టమొదట ఈ ఏర్పాటు వచ్చింది ఒక స్పోర్ట్స్ కారులోనే. 1986లో జర్మనీలో తయారైన పోర్షే 959 గంటకు 300 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలిగేది. ఆ వేగంలో టైరులో గాలి తగ్గితే జరిగేది ఊహించుకోండి!

ఇటువంటి కార్లలో ముందు చక్రాలకు ఒక పీడనం, వెనుక చక్రాలకు మరొక పీడనం ఉండడం మామూలే. వెనుక ఇంజను ఉన్న కారులో బరువు ఎక్కువగా వెనుకే పడుతుంది గదా! ముందు 33, వెనుక 39 ఉండాలనుకోండి. గాలి కొట్టే కుర్రవాడు అలవాటు ప్రకారం నాలుగింటికీ 33 కొట్టి పంపిస్తే వెనుక చక్రాలు మొదటి రోజునుంచే 15 శాతం లోటులో ఉంటాయి.

మరొక చిక్కు కారులోని ఎంపికలు. ఇద్దరే కూర్చున్నారా, నిండుగా బరువు ఉందా, ఏ రకం టైర్లు వేశారు అని కొన్ని కార్లు డ్రైవరును అడుగుతాయి. ఒక్కొక్క జవాబుకు ఒక్కొక్క పీడనం కావాలి. టైర్లలో తేలిక బరువుకు సరిపడే గాలి ఉండి, కారులో "నిండు బరువు" అని ఎంచి ఉంటే, టైర్లు సరిగ్గానే ఉన్నా కారు "గాలి తక్కువ" అని గోల చేస్తుంది. ఇటువంటప్పుడు గాలిని కాదు, ఎంపికను సరిచేయాలి.

ఇక చక్రంలోని యంత్రానికీ బ్యాటరీ ఉంటుంది. సాధారణంగా అయిదు నుంచి పదేళ్ళలో అది అయిపోతుంది. అప్పుడు చాలా కార్లలో దీపం ఒక నిమిషంపాటు మిణుకుమిణుకుమని, తరువాత నిలకడగా వెలుగుతుంది. "నాకు వార్త అందడం లేదు" అని అది చెప్పే తీరు ఇది.

నిజంగా పులి వస్తే

ఒక ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచి ముట్టుకోండి. వేడిగా ఉంటుంది. గాలి తక్కువైన టైరు కూడా రోడ్డును తాకినప్పుడల్లా మామూలుకంటే ఎక్కువగా వంగి లేస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ప్రతి సెకండుకూ దాదాపు 14 సార్లు! ఆ వంపులో పుట్టిన వేడికి రబ్బరు బలహీనపడి, లోపలి పొరలు ఊడి, టైరు పేలిపోవచ్చు.

"ఎండాకాలం గాలి తగ్గించి నడపాలి, లేకపోతే పేలుతుంది" అనే మాట మీరు వినే ఉంటారు. అసలు సంగతి దానికి తలకిందులు. ప్రయాణంలో వేడెక్కిన టైరులో నాలుగైదు పౌండ్లు పెరుగుతాయని ముందే లెక్కలోకి తీసుకొనే తయారు చేస్తారు. వేడి టైరునుంచి గాలి తీసేస్తే ప్రమాదాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టే. పైగా స్పోర్ట్స్ కారు టైర్ల పక్క గోడలు పొట్టివి. గాలి చాలా తగ్గినా కంటికి ఆనదు.

మన దేశంలో 2020లో సవరించిన నిబంధనల ప్రకారం ట్యూబులేని టైర్లు, ఈ హెచ్చరిక ఏర్పాటు, పంక్చర్ సరిచేసే సామగ్రి ఉన్న ప్రయాణికుల కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదు. స్టెప్నీ లేని కారులో ఆ చిన్న దీపమే కాపలాదారు. దాన్ని నమ్మకపోతే ఎలా?

కాబట్టి దీపం వెలిగితే ఇలా ఆలోచించాలి. ఒక్క టైరులోనే తగ్గిందా? మొల దిగి ఉండవచ్చు. కారు మెల్లగా పక్కకు తీసి ఆపి చూడాలి. చలి ఉదయం నాలుగింటిలోనూ ఒక్కలాగే తగ్గిందా? చలి, పాత లోటు కలిసి చేసిన పని. చల్లని టైర్లకు చీటీలోని అంకె ప్రకారం గాలి కొట్టించాలి. మీటరు సరిగ్గానే ఉన్నా దీపం ఆరలేదా? ఎంపికలూ బ్యాటరీలూ చూపించుకోవాలి. ఈ మూడింటిలో దేనికీ "పట్టించుకోకు" అనేది జవాబు కాదు.

మీరు చేసి చూడండి

పలుచని ప్లాస్టిక్ నీళ్ళ సీసాలో వేడినీళ్ళు కొంచెం పోసి, గిలకరించి పారబోయండి. వెంటనే మూత గట్టిగా బిగించండి. ఇప్పుడు సీసాను చన్నీళ్ళ బకెట్లో ముంచండి. సీసా చొట్టబోతుంది! రంధ్రం లేదు, గాలి పోలేదు. తెల్లవారుజామున టైరులో జరిగేది కూడా ఇటువంటిదే. వేడినీళ్ళ దగ్గర మాత్రం పెద్దవాళ్ళ సాయం తీసుకోండి.

చివరగా ఒక లెక్క. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న విజయవాడలో మీటరు 33 చూపించిన టైరు, అదే ఉష్ణోగ్రతలో అబ్దుల్లాపూర్‌మెట్ చేరాక ఎంత చూపిస్తుంది? టైరు పరిమాణం మారలేదనుకోండి. పైన ఇచ్చిన రెండు వాతావరణ పీడనాలు చాలు. 33.9 అని వస్తే, పంక్చర్ షాపు మీటరును మీరు చక్కగా అర్థం చేసుకున్నట్టే.