కోపం – శరీరంలో కలిగే మార్పులు

కోపం వచ్చినప్పుడు గుండె దడదడలాడటం, ముఖం ఎర్రబడటం మీరు గమనించే ఉంటారు. ఇందుకు కారణమేమిటి? కోపంలో సహానుభూత నాడీవ్యవస్థ ఉత్తేజితమవుతుంది. మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను స్రవిస్తాయి. ఫలితంగా గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి విడుదల చేస్తుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. పోరాటానికో, పలాయనానికో శరీరాన్ని సిద్ధం చేసే ఈ మార్పులను వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు.

అరుదుగా వచ్చే కోపం నుంచి శరీరం త్వరగానే తేరుకుంటుంది. తరచూ తీవ్రంగా కోపగించుకునే వారికి గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. తీవ్రమైన కోపం తరువాతి రెండు గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. కాబట్టి ఆ సమయంలో ఛాతీనొప్పి వస్తే, కోపం తగ్గితే అదే పోతుందని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: కోపంలో రక్తంలోని గ్లూకోజ్ ఎందుకు పెరుగుతుంది?