నేల కింద దాక్కునే అడవి లిల్లీలు

కడప జిల్లా లింగాల అంటే చీనీ తోటలు, అరటి తోటలు గుర్తొస్తాయి. పాలకొండలు, శేషాచలం అడవుల వైపు వెళ్తే, వానలు పడ్డాక ముళ్లపొదల మీద ఎర్రగా మండే పూల తీగ ఒకటి కనిపిస్తుంది. అదే అడవినాభి. అగ్నిశిఖ అన్నా, పొత్తిదుంప అన్నా ఇదే. దీనికి వేరే నులితీగలు ఉండవు. ఆకు కొసే సన్నగా సాగి, పక్క కొమ్మను చుట్టేసుకుంటుంది. ఆరు రేకులూ అంచులు వంకీలు తిరిగి వెనక్కి విరుచుకుంటాయి. విచ్చినప్పుడు ఆకుపచ్చ కలిసిన పసుపు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. అందుకే ఒకే తీగ మీద రెండు రంగుల పూలు! కీలం చూడండి, మొదట్లోనే అడ్డంగా వంగి కేసరాలకు దూరంగా జరుగుతుంది.

తమిళనాడుకు ఇదే రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకు జాతీయ పుష్పం. 1947లో ఎలిజబెత్ యువరాణికి అప్పటి రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) బడిపిల్లలు కానుకగా ఇచ్చిన వజ్రాల బ్రోచి ఈ పువ్వు ఆకారంలోనే ఉంటుంది.

పువ్వును చూసి మురిసిపోండి గానీ, దుంప జోలికి పోకండి. నాగలిలా వంగి ఉండే ఆ దుంపలోనూ, గింజల్లోనూ కాల్చిసిన్ అనే విషం ఉంది. పొరపాటున తింటే వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికొస్తుంది. విరుగుడు మందు లేదు. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చి, శుద్ధి చేయనిదే వాడకూడదంది. కాన్పు సులువవుతుందని దుంప నూరి పొట్ట మీద పూసే అలవాటు పూర్వం ఉండేది. ఇప్పుడు అలాంటి సాహసం అస్సలు వద్దు.

అదే కాల్చిసిన్‌ను డాక్టర్లు కొద్ది మోతాదులో గౌట్ నొప్పులకు ఇస్తారు. తమిళనాడు రైతులు గింజల కోసమే దీన్ని సాగు చేస్తారు, పూలకు చేత్తో పుప్పొడి అద్దుతారు. గింజల్లేని పుచ్చకాయ పుట్టిందీ ఈ మందు చలవే. కణం చీలకుండా అడ్డుపడి క్రోమోజోములను రెట్టింపు చేస్తుంది. అలా వచ్చిన మొక్కను మామూలు పుచ్చతో కలిపి, ఆ గింజను నాటితే మూడు సెట్ల క్రోమోజోములతో గింజ కట్టని కాయ వస్తుంది. లింగాల అరటికీ మూడు సెట్లే, కాకపోతే అది ప్రకృతి చేసిన పని.

నేల కింద దాక్కునే మరో మొక్క అడవి ఉల్లిది ఇంకో దారి. ఎండాకాలం ఆకు లేని బోడినేల లోంచి పూకాడ ఒక్కటే లేస్తుంది. ఆకులు వానలతో వస్తాయి. దీని గడ్డ దగ్గుమందుకూ, కాలి ఆనెకాయలకూ వాడేవారు. మోతాదు మించితే గుండెకు ప్రమాదం.

పిల్లిపీచరనూ ఒకప్పుడు లిల్లీ కుటుంబంలోనే లెక్కించేవారు. పచ్చటి సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, కొమ్మలే. బాలింతలకు పాలు పడాలని దీని వేర్లు ఇస్తారు.

ఇంట్లో అడవినాభి పెంచాలంటే అడవిలో తవ్వకండి, నర్సరీ దుంప కొనండి. తొలకరి ముందు, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో రెండు అంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టండి. మొలక కొస విరిగితే ఆ ఏడు పువ్వు ఆశ వదులుకోవాల్సిందే. పాకడానికి కంపో, వలో చాలు. ఆకులు పండిపోగానే నీళ్లు ఆపేయండి. దుంప వేసవంతా పొడినేలలో నిద్రపోతుంది. పిల్లలకూ పశువులకూ అందనిచోట నాటండి, ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి.