ఏ పూడూరు? శోధన యంత్రం కథ

ఒకరోజు మా తరగతి పిల్లలను "మన మండలం" అనే విషయం మీద ఒక పుట రాసుకురమ్మన్నాను. మరునాడు కాగితాలు దిద్దుతుంటే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. ఒకరి వ్యాసంలో మా పూడూరు జగిత్యాల జిల్లాలో ఉన్నది. ఇంకొకరి వ్యాసంలో గద్వాల పక్కకు పోయింది. ఒక అమ్మాయి కాగితంలోనైతే ఏకంగా తమిళనాడుకే వెళ్ళిపోయింది!

"ఇదేమిటమ్మా?" అని అడిగితే, "ఫోనులో అట్లనే వచ్చింది సార్" అన్నది.

ఫోను అబద్ధం చెప్పలేదు. జగిత్యాల జిల్లా కొడిమ్యాల మండలంలో ఒక పూడూరు ఉన్నది. గద్వాల మండలంలో ఒకటి, మేడ్చల్ మండలంలో మరొకటి ఉన్నాయి. తమిళంలో పుదూర్ అంటే కొత్త ఊరు. ఆ పేరు గల ఊళ్ళు తమిళనాడులో ఎన్నో ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే పూడూరుకూ, పుదూరుకూ అవే అయిదు అక్షరాలు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోని మా పూడూరు, జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా, ఇన్ని పూడూర్ల మధ్య నిలబడిపోయింది.

తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతకాలంటే గుర్తులు కావాలి. మరి ఫోనులో వెతికిపెట్టే ఆ యంత్రానికి ఏ గుర్తులు కావాలి? అది లోకంలోని పుటలన్నిటినీ క్షణంలో ఎలా గాలిస్తుంది? ఆ సంగతి తెలుసుకుందాం.

వెతకడం ముందే అయిపోతుంది!

1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఆలోచన చేశాడు. ఒక కంప్యూటరులోని పుట నుంచి మరో కంప్యూటరులోని పుటకు లంకె వేస్తే ఎలా ఉంటుందన్నదే ఆ ఆలోచన. 1991 నాటికి అది లోకానికి అందింది. మొదట్లో పుటలు కొన్నే. వాటి జాబితాను చేత్తో రాసిపెట్టుకుంటే సరిపోయేది. పుటలు పెరిగినకొద్దీ అది గడ్డివాములో సూదిని వెతకడమే అయింది. అందుకోసం పుట్టిన యంత్రాలను సెర్చ్ ఇంజన్లు అంటున్నారు. మనం శోధన యంత్రం అందాం.

మీరు ఒక మాట కొట్టి మీట నొక్కగానే ఈ యంత్రం లోకమంతా తిరగడానికి బయలుదేరదు. ఆ తిరగడం ఏదో ముందే అయిపోయి ఉంటుంది. దాని తరఫున ఒక ప్రోగ్రాము రాత్రింబవళ్ళు ఒక పుట తెరుస్తుంది, అందులోని లంకెలు పట్టుకొని వేరే పుటలకు పోతుంది, అక్కడినుంచి మరికొన్నిటికి పోతుంది. గూట్లో దారం వెంట పరుగెత్తే సాలెపురుగులాంటిది కనుక దానికి స్పైడర్ అని పేరు పెట్టారు. అది చూసిన ప్రతి పుటలోని మాటలనూ ఒక పెద్ద పట్టికలోకి ఎక్కిస్తారు. మీరు అడిగినప్పుడు యంత్రం చూసేది ఆ పట్టికను మాత్రమే.

ఆ పట్టిక ఎలా ఉంటుంది? నాలుగు చీటీల మీద ఇలా రాయండి.

1. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.
2. మూసీ నది అనంతగిరి కొండలలో పుట్టింది.
3. తాండూరు నాపరాళ్ళకు ప్రసిద్ధి.
4. అనంతగిరి కొండలు వికారాబాదుకు దగ్గర.

ఇప్పుడు చీటీలను పక్కన పెట్టి, ఒక్కొక్క మాట ఏ చీటీలో ఉన్నదో అకారాది క్రమంలో రాసుకోండి. అనంతగిరి: 2, 4. తాండూరు: 1, 3. మూసీ: 2. ఈ విధంగా రాసుకుంటూ పోవాలి. "అనంతగిరిలో మూసీ" గురించి ఎవరైనా అడిగితే చీటీలన్నీ చదవనక్కర లేదు. రెండు మాటల ఎదుటా ఉన్న అంకె 2. కనుక రెండో చీటీ తీసి ఇస్తారు. మీ పాఠ్యపుస్తకం చివర పదసూచిక ఉంటే చూడండి. అదీ ఇదే పద్ధతి. చీటీలు నాలుగైనా, కోట్లైనా సూత్రం మారదు.

ఇందులో ఇంకొక రహస్యం ఉన్నది. 1972లో కేంబ్రిడ్జిలో కేరెన్ స్పార్క్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి చెప్పింది. ఎక్కువ పుటలలో కనిపించే మాటకు విలువ తక్కువ, అరుదుగా కనిపించే మాటకు విలువ ఎక్కువ. "ఊరు" అనే మాట ఎక్కడ లేదు? కనుక అది దేన్నీ పట్టివ్వదు. మా మండలంలోని అడవి పేరు దామగుండం. 2024 అక్టోబరు 15న అక్కడ నౌకాదళం వారి రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రమది. దామగుండం అని వెతికి చూడండి. ఫోను తిన్నగా మా మండలానికే వస్తుంది. "పూడూరు"తో దారి తప్పిన యంత్రం "దామగుండం"తో తప్పలేదు. అరుదైన మాట మంచి తాళంచెవి.

ఎవరు ముందు?

ఒకే మాట లక్ష పుటలలో ఉంటే, వాటిలో దేన్ని ముందు చూపించాలి? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు దీనికి ఒక లెక్క కనిపెట్టారు. 1998లో గూగుల్ సంస్థ పుట్టింది ఆ లెక్క మీదనే. ఊళ్ళో మంచి వైద్యుడెవరో నలుగురినీ అడిగి తెలుసుకుంటాం గదా! అట్లాగే ఒక పుటకు ఎన్ని పుటలు లంకె వేశాయో చూడాలి. అయితే ఎన్ని అని మాత్రమే కాదు, ఎవరు అనేది కూడా చూడాలి.

దీనికి గణితం పుస్తకం అక్కరలేదు, నూరు కంది గింజలు చాలు. నేలమీద మూడు గుండ్రాలు గీసి క, చ, ట అని పేర్లు పెట్టండి. క నుంచి చ కు, ట కు బాణాలు గీయండి. చ నుంచి ట కు ఒక బాణం, ట నుంచి క కు ఒక బాణం గీయండి. గుండ్రాలు పుటలు, బాణాలు లంకెలు, గింజలు చదువరులు.

నూరు గింజలూ క లో పోసి మొదలుపెట్టండి. ప్రతి విడతలోనూ ఏ గుండ్రంలోని గింజలను ఆ గుండ్రం నుంచి పోయే బాణాల వెంట సమంగా పంచాలి. అన్ని గుండ్రాలనూ ఒకేసారి కదిలించాలి. బేసి సంఖ్య వస్తే మిగిలిన గింజను ట వైపు వేయండి. మొదటి విడతకు చ లో 50, ట లో 50 అవుతాయి. రెండో విడతకు క లో 50, ట లో 50. మొదట్లో లెక్క ఎగుడుదిగుడుగా ఊగుతుంది. పద్నాలుగో విడతకు క లో 40, చ లో 20, ట లో 40 వస్తాయి. ఆ తరువాత ఎన్నిసార్లు పంచినా అవే సంఖ్యలు!

ఇప్పుడు గమనించండి. క కు వచ్చే బాణం ఒక్కటే, చ కు వచ్చే బాణమూ ఒక్కటే. అయినా క కు 40, చ కు 20. ఎందుకు? క కు లంకె వేసినది బరువైన ట. పైగా అది తన బరువంతా ఒక్కచోటికే పంపింది. చ కు లంకె వేసిన క తన బరువును ఇద్దరికి పంచింది. పేజ్, బ్రిన్‌ల లెక్కలో ఇంకొక చిన్న మెలిక కూడా ఉన్నది. చదువరి నూటికి 85 సార్లు లంకె వెంట పోతాడనీ, 15 సార్లు విసుగుపుట్టి ఎక్కడికో దూకుతాడనీ అనుకున్నారు. ఈనాటి శోధన యంత్రాలు ఇంకా ఎన్నో సంగతులు లెక్కలోకి తీసుకుంటున్నాయి. కాని మొదటి మెట్టు ఇదే.

తెలుగు ఉండీ లేకుండా పోయిన రోజులు

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1991లో వెలువడిన యూనికోడ్ అనే పద్ధతి లోకంలోని లిపులకు తలా ఒక వరుస అంకెలు కేటాయించింది. తెలుగుకు 128 స్థానాలు దక్కాయి. దాని ప్రకారం పూడూరు అంటే 3114, 3138, 3105, 3138, 3120, 3137. ఇంతే! పూడూర్ అని పొల్లుతో రాస్తే చివరి అంకె 3149 అవుతుంది. మనకు రెండూ ఒకటే. అంకెలు మాత్రమే చూసే యంత్రానికి అవి వేరు వేరు మాటలు.

అయితే యూనికోడ్ మన వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకు తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వారు తయారుచేసుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలకు ఇచ్చిన అంకెల మీదనే తెలుగు బొమ్మలు అతికించేవారు. తెరమీద చక్కని తెలుగు కనిపించేది. శోధన యంత్రానికి మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. వేల పుటల తెలుగు ఎదురుగా ఉండి కూడా, తెలుగులో వెతికినవారికి దొరకలేదు. రాయడం వేరు, దొరికేటట్టు రాయడం వేరు అని మనం నేర్చుకున్న పాఠం అది.

తరువాత ఈ ఇబ్బందిని తీర్చినవారు మనవాళ్ళే. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేశారు. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పనిముట్టును తయారుచేసినదీ ఆయనే. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే లేఖినిని 2006లో వీవెన్ అందించారు. నాటి నుంచి తెలుగు తెలిసిన ఎందరో జీతం బత్తెం లేకుండా రాసిన వ్యాసాలు ఇప్పుడు లక్ష దాటాయి. మన ఊళ్ళ పేర్లతోనూ వ్యాసాలున్నాయి. ఒకే పేరు ఊళ్ళు నాలుగుంటే వాటిని విడదీసి చూపించే పుటలు ఉన్నాయి. తప్పిపోయిన పిల్లవాడి మెడలో పేరూ, ఊరూ రాసిన బిళ్ళ కట్టడం లాంటిదే ఇది!

దొంగదారులు

తమ పుటే ముందు కనిపించాలని ఎవరికి ఉండదు? పుటను యంత్రానికి తేలికగా దొరికేటట్టు తీర్చడాన్ని సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అంటారు. నిజాయితీగా చేస్తే ఇది మంచి పనే. కాని కొందరు దొంగదారులు తొక్కారు. ఒకే మాటను వందలసార్లు రాసి, తెల్లని పుట మీద తెల్లని రంగుతో దాచారు. మనిషికి కనిపించదు, యంత్రం మాత్రం లెక్కపెడుతుంది. మరికొందరు ఉత్తుత్తి పుటలు గుంపులుగా కట్టి, వాటి చేత తమకే లంకెలు వేయించుకున్నారు. మన గింజల ఆటలో దొంగ గుండ్రాలు గీసినట్టన్న మాట. 2011లో పాండా, 2012లో పెంగ్విన్ అనే మార్పులతో గూగుల్ ఇలాంటి పుటలను వెనక్కు నెట్టింది. ఆ దొంగాట ఇంకా ముగియలేదు.

కనుక ఒక మాట గుర్తుంచుకోండి. ముందు కనిపించినదల్లా నిజం కాదు. పైన స్పాన్సర్డ్ అని రాసి ఉంటే అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. లంకెల లెక్క పేరును కొలుస్తుందే గాని సత్యాన్ని కొలవదు. పాము కరిచినప్పుడు ఫోనులో మొదట కనిపించిన పసరు వైద్యాన్ని నమ్మి ఆలస్యం చేస్తే ప్రాణమే పోవచ్చు. అప్పుడు చేయవలసినది వెతకడం కాదు, విషానికి విరుగుడు సూది వేసే ఆస్పత్రికి వెంటనే తీసుకుపోవడం.

మనం చేయగలిగినది

మా తరగతి పిల్లలు ఈ సంగతులన్నీ విన్నాక తమ వ్యాసాలు మళ్ళీ రాశారు. ఈసారి కొన్ని నియమాలు పెట్టుకున్నారు. అవి మీకూ పనికివస్తాయి.

మొదటిది: శీర్షికలోనే పూర్తి చిరునామా ఉండాలి. "మా ఊరు" అంటే యంత్రానికి ఎవరి ఊరో తెలియదు. "పూడూరు, వికారాబాదు జిల్లా" అనాలి.

రెండవది: ఊరి పేరును జనం ఎన్ని విధాలుగా రాస్తారో అన్నీ ఒకసారి పేర్కొనాలి. తెలుగు మాటకు విభక్తులు అతుక్కుంటాయి. పూడూరులో, పూడూరుకు, పూడూరునుంచి అన్నవి ఒకే ఊరని ఇప్పటి యంత్రాలు కొంతవరకు నేర్చుకున్నాయి. అయినా మూలరూపం కనీసం ఒక్కసారి కనిపించాలి.

మూడవది: రాతను ఫోటో తీసి పెట్టి ఊరుకోకూడదు. అక్షరాలుగా కొట్టాలి. ఫోటో కింద అది దేని బొమ్మో ఒక వాక్యం రాయాలి. వాట్సాప్ గుంపులో పంచుకున్నది శోధన యంత్రానికి కనిపించదు. అది గదిలో మాట్లాడుకున్న మాటతో సమానం.

నాలుగవది: ఎక్కడా లేనిది రాయాలి. అందరూ రాసిందే మళ్ళీ రాస్తే ఎవరూ రారు. తాండూరు కంది మా నేలల్లో ఎట్లా పండుతుంది, దామగుండం రామలింగేశ్వరుని గుడికి దారి ఎటు, ఇవి మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అయితే వికీపీడియాలో రాసేటప్పుడు విన్నమాట చాలదు. 2011 జనాభా లెక్కల పుస్తకమో, అచ్చయిన గ్రంథమో ఆధారంగా చూపాలి.

అప్పుడు తమిళనాడు వెళ్ళివచ్చిన ఆ అమ్మాయి కొత్త కాగితంలో మొదటి వాక్యం ఇలా ఉన్నది: "పూడూరు తెలంగాణలోని వికారాబాదు జిల్లాలో ఒక మండల కేంద్రం, దామగుండం అడవి ఈ మండలంలోనే ఉన్నది." చిన్న వాక్యమే. కాని అందులో జిల్లా ఉన్నది, రాష్ట్రం ఉన్నది, అరుదైన తాళంచెవి కూడా ఉన్నది. యంత్రం ఇక ఈ పూడూరును పోగొట్టుకోవడం కష్టం.

మీరే చేసి చూడండి

మీ ఊరి పేరును తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాలలో ఒకసారి వెతకండి. మొదటి పది ఫలితాలలో మీ ఊరివి ఎన్ని? అదే పేరున్న ఊళ్ళు ఇంకెన్ని తేలాయి? మీ ఊరిని తప్పకుండా పట్టిచ్చే అరుదైన మాట ఏది? ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. ఆ తాళంచెవి చాలావరకు వాళ్ళ దగ్గరే ఉంటుంది.