ఊడల దారిలో బేతాళుడు

అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ వైపు మళ్ళితే కాసేపు అంతా హైదరాబాద్ నగరం అంచు వ్యవహారమే. ప్రహరీలు, ఫంక్షన్ హాళ్ళు, ఫామ్‌హౌస్‌ల గేట్లు. అంతలో ఉన్నట్టుండి ఎండ తగ్గిపోతుంది. రోడ్డుకు రెండు పక్కలా మర్రిమానులు, పైన కొమ్మలు కలిసిపోయి పందిరి. బాటసారుల నీడ కోసం నిజాం కాలంలో నాటించినవని చెబుతారు. ఇక్కణ్ణుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు మీద అలాంటివి 900 పైచిలుకు ఉన్నట్టు లెక్క.

ఒక చెట్టు దగ్గర ఆగి చూడండి. కొత్తగా దిగుతున్న ఊడ కొస లేత పసుపు రంగులో, వేలికొసలా మెత్తగా ఉంటుంది. నేల అందితే వేళ్ళూనుకుని కొన్నేళ్ళకు తనే ఓ మాను అవుతుంది. పొలం వైపు దిగినవాటికి ఆ అదృష్టం ఉంది. రోడ్డు వైపు దిగినవి లారీల ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. అందుకే ఈ మర్రి ఒక పక్క క్రాపు చేయించుకున్నట్టు, రెండో పక్క జుట్టు విరబోసుకున్నట్టు కనిపిస్తుంది. ఆ విరబోసుకున్న పక్కన కాసేపు నిలబడితే, పిల్లల పత్రిక ‘చందమామ’ చదువుతూ పెరిగినవాళ్ళకు భుజం మీద ఏదో బరువు తెలుస్తుంది.

నిజానికి బేతాళుడిది మర్రి కాదు. 11వ శతాబ్దపు కశ్మీరు కవి సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’లో బేతాళుడు ఆవహించిన శవం వేలాడేది శింశుపా వృక్షానికి. అశోకవనంలో సీతమ్మ కూర్చున్నది కూడా ఆ జాతి చెట్టు కిందే. అయినా మన ఊళ్ళలో దెయ్యం అనగానే మర్రో, చింతో గుర్తొస్తుంది. ఇక బేతాళుడు ఎలా ఉంటాడో తెలుగు పిల్లలకు చూపించినవాడు శంకర్. పూర్తి పేరు కరథొలువు చంద్రశేఖరన్ శివశంకరన్. పుట్టింది 1924లో, తమిళనాడులో. మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకుని, 1950ల తొలినాళ్ళలో నాగిరెడ్డి, చక్రపాణిల ‘చందమామ’లో చేరారు.

1947 జులైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు 1950ల నడుమ ప్రవేశించాయి. మూలంలో ఉన్నవి 25 కథలే. అవి అయిపోతే? కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో పాత చట్రం అలాగే ఉంచి, లోపల కొత్త కథలు పెట్టుకుంటూ పోయారు. మోసేవాడు రాజు విక్రమార్కుడు, అడిగేవాడు బేతాళుడు, తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగలడం, నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కడం. దూసిన కత్తి, భుజాన శవం, కాళ్ళ దగ్గర పుర్రెలు, పాములు. శంకర్ చేతిలో కుదురుకున్న ఆ బొమ్మ ‘చందమామ’కు గుర్తుగా మారింది. అదే బొమ్మ డజనుకు పైగా భాషల సంచికల్లోకి వెళ్ళింది. భాష మారితే అక్షరాలు మార్చారు గానీ శ్మశానాన్ని మార్చలేదు.

అమెరికా కామిక్స్‌లో పెద్ద చిత్రకారుడు పాత వీరుడి దగ్గరికి తిరిగొస్తే అదో పండగ. 1966లో తండ్రి చేతికొచ్చిన స్పైడర్‌మ్యాన్‌ను తర్వాత తానూ ఏళ్ళ తరబడి గీసిన జాన్ రొమిటా జూనియర్, 2022లో మళ్ళీ అదే పుస్తకానికి వచ్చినప్పుడు అభిమానులు మురిసిపోయారు. శంకర్‌ది ఇంకో రకం రాక. పత్రిక 1998లో ఆగి, 1999 చివర్లో మళ్ళీ మొదలైంది. అప్పటికి ఆయనకు 75. విక్రమార్కుడు తిరిగొచ్చాడు, ఆయన కుంచె కూడా తిరిగొచ్చింది. మొత్తం దాదాపు 60 ఏళ్ళు ‘చందమామ’లోనే గడిపి, 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. పట్టు వదలనివాడు కథలో ఒక్కడే అనుకున్నాం ఇన్నాళ్ళూ. బొమ్మ బయట కూర్చుని నెలనెలా ఆ చెట్టు దగ్గరికే నడిచినవాడు ఇంకొకడున్నాడు.

తిరిగి రావడం ఈ నేలకూ అలవాటే. మొయినాబాద్ చేరకముందే కుడి వైపు చీలిన దారి చిలుకూరు బాలాజీ గుడికి పోతుంది. హుండీ లేని గుడి. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక మళ్ళీ వచ్చి 108. చేతిలో కాగితం పట్టుకుని గళ్ళు కొట్టేసుకుంటూ తిరిగేవాళ్ళను చూస్తే తెలిసిపోతుంది, వీళ్ళది రెండో రాక అని.

మర్రిచెట్లు మాత్రం తమ వంతు ప్రశ్న వేస్తూనే ఉన్నాయి. రోడ్డును నాలుగు వరసలు చేస్తామన్నప్పుడు చెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఎక్కువ చెట్లు నిలిచేలా, కొన్నిటిని పెకలించి వేరేచోట నాటేలా ప్రణాళిక మారింది. ఇంతలో 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. వెడల్పు కావాలి, నీడా కావాలి. తెలిసీ జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న ఇది.

మెహిదీపట్నం నుంచి చేవెళ్ల సుమారు 40 కిలోమీటర్లు. బస్సులకు లోటు లేదు. సొంత బండైతే తెల్లవారుజామునే బయల్దేరండి. మలుపుల్లో ఆపొద్దు, పొలం దారిలోకి దింపి నిలపండి. మర్రిపండ్లు ఎర్రబడే రోజుల్లో చిలకల గోల ఇంజను చప్పుణ్ణి మించిపోతుంది. చేవెళ్లలో టీ తాగి, సాయంత్రం అదే దారిన వెనక్కి రండి. పొద్దున మీరు చూసింది మాను తూర్పు ముఖం. ఇప్పుడు పడమటి ముఖం మీద ఎండ పడి, అప్పుడు చీకట్లో ఉన్న ఊడలన్నీ ఒక్కొక్కటే గీసినట్టు విడివిడిగా కనిపిస్తాయి.