పెండ్లిలో తోడు నిలిచేవారు - జపాను భాషలో వారి పేర్లు

ఇంగ్లీషు పెండ్లి ఆహ్వానపత్రికను జపాను భాషలోనికి తర్జుమా చేయబూనినవారికి వధూవరులతో చిక్కు లేదు. వధువు 'షింపు', వరుడు 'షిన్‌రో'. చిక్కంతా వారి ప్రక్కన నిలిచేవారితోనే.

'బెస్ట్ మ్యాన్' వరుని ఆప్తమిత్రుడో, సోదరుడో. ఉంగరం భద్రపరుస్తాడు, విందులో ప్రసంగిస్తాడు. జపాను వివాహంలో ఇట్టి గౌరవస్థుడు ఎవరని వెదికితే ముందుగా 'నకోదో' కనిపిస్తాడు. మేమును మొదట ఆ మాటనే వ్రాసి, పిమ్మట కొట్టివేశాము. నకోదో సంబంధం కుదిర్చే మధ్యవర్తి. పెండ్లినాడు 'బైషకునిన్' అనే పేరుతో భార్యాసమేతంగా వధూవరుల చెంత కూర్చుంటాడు. వరుని పై అధికారియో, గురువో తరచు ఈ స్థానం వహించేవారు. కాపురంలో కలత వచ్చినా వారి సలహానే కోరేవారు. బ్రహ్మచారియైన స్నేహితునికి ఈ పేరు పెడితే, ఈ సంబంధం అతడే కుదిర్చాడని చదివిన పెద్దలు భావిస్తారు. 1990ల నుండి ఆ ఆచారం బాగా సన్నగిల్లినను, మాట బరువు మాత్రం తగ్గలేదు.

ఇక 'త్సుకిసోఇనిన్' అంటే వెంట ఉండువాడు. అర్థం కుదిరినది గాని, రోగి చెంత ఉండేవారికి కూడ అదే మాట చెల్లుతుంది. 'బెస్ట్' అన్న మన్నన జారిపోయింది. వధువు చెలికత్తెలను 'కైజోఎనిన్' అనడం మరింత ప్రమాదం. ఆమె వధువు దుస్తులు సవరిస్తూ వెన్నంటి ఉండే సహాయకురాలు, తరచు కూలికి వచ్చిన మనిషి. ప్రాణస్నేహితురాలు ఆ మాట చదివితే ఏమనుకోవాలి?

మన ఉర్దూ ఇండ్లలోని షహ్‌బాలా, తెలుగిండ్లలోని తోడిపెండ్లికొడుకు ఈ పాత్రకు కొంత దగ్గరివారే. అయితే వారు తరచు పసివాండ్రు. ప్రసంగించమంటే ఏడుపు లంకించుకొంటారు!

నేటి జపానువారు ఇంగ్లీషు మాటనే కతకానా లిపిలో వ్రాసికొంటున్నారు: 'బెసుతో మాన్', 'బురైజుమేఇదో'. ఇందులోను ఒక మెలిక ఉన్నది. ఇంగ్లీషులో పూర్వం కన్య అని అర్థమిచ్చిన 'మెయిడ్' జపానులో 'మేఇదో'గా మారి పనిమనిషి అయినది. కనుక మాటను అట్లే ఉంచి, క్రింద 'వరుని మిత్రుడు, ఉంగరము భద్రపరచువాడు' అని ఒక పంక్తి చేర్చడమే మాకు ఉచితమని తోచినది.

'సాక్షి' విషయంలో మాత్రం పంక్తి చేర్చినా చాలదు. ఇంగ్లండులో ఇద్దరు సాక్షులు వివాహ సమయాననే సంతకం చేస్తారు. జపానులో 'షోనిన్' అనబడే ఇద్దరు వయోజనులు వివాహ నమోదు పత్రంపై ముందుగానే ఎక్కడైనను సంతకం చేయవచ్చు. పత్రం పురపాలక కార్యాలయానికి చేరుతుంది. వారు పెండ్లిపందిరిలో అడుగు పెట్టకపోయినను వివాహం చెల్లుతుంది.