ప్రమాదకర సరుకులు – చోదకుని అర్హతలు

పెట్రోలు, వంటగ్యాసు, క్లోరిను, ఆమ్లములు మన నిత్యజీవితమునకు అవసరమైనవి. ఇవి లారీలలో మన ఊళ్ల నడుమ నుండియే సాగిపోవుచున్నవి. అట్టి లారీని నడుపువానికి ఉండవలసిన అర్హతలేవో మనము తెలిసికొనుట మంచిది.

కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 1989లోని 9వ నియమము ప్రకారము ఇందుకు రవాణా వాహనపు లైసెన్సు ఒక్కటే చాలదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఏదైన ఒకటియు, ఇంగ్లీషును చదువను, వ్రాయను రావలెను. 3 దినముల ప్రత్యేక శిక్షణలో ఉత్తీర్ణుడై పత్రము పొందవలెను. 2019 చట్ట సవరణను అనుసరించి సామాన్య రవాణా లైసెన్సు 5 సంవత్సరములు చెల్లును. ప్రమాదకర సరుకులకైనచో 3 సంవత్సరములే. సవరణకు పూర్వము ఈ గడువు 1 సంవత్సరమే.

చదువు నిబంధన ఎందులకు? సరుకు స్వభావమును, ఆపదలో చేయవలసిన పనిని తెలుపు వ్రాతపూర్వక సూచనలను చోదకుడు క్యాబినులో ఉంచుకొనవలెను. ట్యాంకరు పలకపై 1203 అను సంఖ్య పెట్రోలును, 1075 వంటగ్యాసును సూచించును. ప్రమాదము జరిగినచో సమీప పోలీసు స్టేషనునకు, యజమానికి వెంటనే తెలుపుట అతని విధి. నీటితో ఆర్పదగిన మంట ఏదో, నీరు తగిలిన విజృంభించునది ఏదో చదువలేనివానికి ఆ కాగితము నిరుపయోగము.

ఉర్దూ, తెలుగు రెండును ఆ షెడ్యూలులో ఉన్నవి. ఇంగ్లీషు అక్షరములే పలువురికి కొరత. విద్యార్థులారా! మన బంధుమిత్రులలో లారీ నడుపువారికి వానిని నేర్పుదము. ఆ కొద్దిపాటి చదువు వారిని, వారి దారిలోని ఊళ్లను కాపాడగలదు.